ముఖం మీద పోని ఎరుపు: కారణాలు, చికిత్స



చదువులకు సాయపడే పత్రికలో చర్మం గురించిన పాఠం ఎందుకని మీరు అనుకోవచ్చు. కారణం ఉంది. పదో తరగతి దాటిన పిల్లలకు మార్కుల దిగులుతో పాటు ముఖం దిగులు కూడా మొదలవుతుంది. మొటిమలు, మచ్చలు, రంగు. ఆ దిగులులో మెడికల్ షాపు నుంచి తెచ్చిన ఒక చిన్న ట్యూబు ఏడాది తిరిగేసరికి ముఖాన్ని ఎర్రగా కందిపోయేలా చేస్తోంది. అప్పుడు క్లాసుకు వెళ్ళడానికి సిగ్గు, ఎండలోకి వెళ్ళడానికి భయం, ఇంటర్వ్యూ అంటే వణుకు. కొందరు చదువే వెనకబడతారు. కనుక ఇది చదువుకు సంబంధించిన విషయమే. తల్లిదండ్రులు, పిల్లలు కలిసి కూర్చుని చదవవలసిన పాఠం ఇది.

ఒక ఇంటి ఉదాహరణ

చెన్నైలో ఒక తెలుగు ఇల్లు ఊహించుకుందాం. అమ్మాయి ప్లస్ టూ చదువుతోంది. బుగ్గల మీద నాలుగు మొటిమలు, వాటి తాలూకు మచ్చలు ఉన్నాయి. పక్కింటావిడ ఒక క్రీము పేరు చెప్పింది. "మా పాప వాడింది అక్కా, పది రోజుల్లో ముఖం తెల్లగా వచ్చేసింది" అంది. నాన్న ఆఫీసు నుంచి వస్తూ ఆ క్రీము కొనుక్కొచ్చారు. షాపులో డాక్టరు చీటీ ఎవరూ అడగలేదు.

వారంలో మొటిమలు అణిగాయి. రంగు తేలింది. ఇంట్లో అందరికీ సంతోషం. అలా నాలుగైదు నెలలు గడిచాయి. ఒకసారి ట్యూబు అయిపోయి మూడు రోజులు పూయలేదు. ముఖమంతా ఎర్రబడి, మండి, దురదపెట్టింది. మళ్ళీ కొత్త ట్యూబు తెచ్చి పూస్తే త్వరగానే చల్లబడింది.

"చూశావా, ఆ క్రీము మానేస్తే నీ ముఖం ఎలా అయిపోతోందో! మానకు తల్లీ" అంది అమ్మ.

తప్పు సరిగ్గా ఇక్కడే జరిగింది. క్రీము లేనందువల్ల ఆ ముఖం ఎర్రబడలేదు. క్రీము అన్ని నెలలు పూసినందువల్లనే ఎర్రబడింది. జబ్బును తెచ్చిన వస్తువే జబ్బును తగ్గిస్తున్నట్టు కనిపించింది. కొండనాలుకకు మందు వేస్తే ఉన్న నాలుక ఊడిందనే సామెత ఈ ట్యూబుకు అచ్చంగా సరిపోతుంది. ఈ పాఠంలో మీరు గుర్తుపెట్టుకోవలసిన ముఖ్యమైన మాట ఇదే. మిగిలినదంతా దీనికి వివరణ.

ముఖం ఎందుకు ఎర్రబడుతుంది?

మన చర్మం పై పొర కింద వెంట్రుకల కంటే సన్నని రక్తనాళాలు వల లాగా అల్లుకుని ఉంటాయి. ఎండ తగిలినా, పొయ్యి దగ్గర నిలబడినా, కోపం వచ్చినా, సిగ్గు పడినా ఆ నాళాలు వెడల్పవుతాయి. రక్తం ఎక్కువగా ప్రవహిస్తుంది, చర్మం ఎర్రగా కనిపిస్తుంది. కాసేపటికి నాళాలు మామూలుగా అవుతాయి, ఎరుపు పోతుంది. ఇది సహజం.

వారాల తరబడి, నెలల తరబడి ఆ ఎరుపు పోకుండా ఉంటే మాత్రం దాని వెనక ఒక కారణం ఉన్నట్టే. నాళాలు ఎప్పుడూ వెడల్పుగానే ఉండిపోయి ఉండాలి, లేదా చర్మంలో వాపు ఉండాలి, లేదా చర్మం పలచబడి లోపలి నాళాలు పైకి కనిపిస్తూ ఉండాలి.

ఇక్కడ ఒక చిక్కు ఉంది. పాఠ్యపుస్తకాలలో బొమ్మలు చాలావరకు తెల్లజాతి వారి ముఖాలవి. మన చామనఛాయ ముఖాలలో ఎరుపు అంత ఎర్రగా కనిపించదు. రాగి రంగులోనో, ముదురు గోధుమ రంగులోనో, కమిలినట్టుగానో కనిపిస్తుంది. అందువల్ల "నల్లబడింది" అనుకుని తెల్లబరిచే క్రీములు పూస్తారు. మండుతూ, వేడిగా అనిపిస్తూ, వేలితో నొక్కి తీసిన క్షణంలో రంగు పాలిపోయి మళ్ళీ తిరిగి వస్తుంటే అది రక్తనాళాల ఎరుపు అని గ్రహించాలి.

ఆ ట్యూబులో ఏముంది?

ఇలాంటి చాలా ట్యూబులలో ఉండేది స్టెరాయిడ్. స్టెరాయిడ్ అన్నంత మాత్రాన చెడ్డ మందు కాదు. మన మూత్రపిండాల మీద ఉండే అడ్రినల్ గ్రంథులు రోజూ తయారుచేసే హార్మోను కూడా ఆ జాతిదే. చర్మవ్యాధులకు హైడ్రోకార్టిసోన్‌ను పైపూతగా వాడవచ్చని 1952లో అమెరికాలో సుల్జ్‌బెర్గర్, విట్టెన్ అనే వైద్యులు చూపించారు. ఆ తరువాత బీటామెథసోన్, క్లోబెటసాల్ వంటి ఎంతో బలమైనవి వచ్చాయి. ఎగ్జిమా, సోరియాసిస్ వంటి జబ్బులలో, తగిన చోట, తగినన్ని రోజులు, డాక్టరు సలహాతో వాడితే అవి మేలైన మందులు. ఆ మేలు వల్లనే వాటికి అంత పేరు వచ్చింది.

మరి తెల్లబడటం సంగతి ఏమిటి? ఇది ఆసక్తికరమైన విషయం. స్టెరాయిడ్ తగిలిన చోట రక్తనాళాలు ముడుచుకుపోతాయి. రక్తం తగ్గి చర్మం పాలిపోతుంది. 1962లో మెకెంజీ, స్టౌటన్ అనే పరిశోధకులు ఈ గుణాన్నే కొలబద్దగా తీసుకున్నారు. చర్మాన్ని ఎంత తెల్లగా పాలిపోయేలా చేస్తే ఆ స్టెరాయిడ్ అంత బలమైనదని లెక్క కట్టారు. అంటే పక్కింటావిడ మెచ్చుకున్న ఆ "తెలుపు" అందం కాదు, మందు బలానికి గుర్తు. ఎంత త్వరగా తెల్లబడితే అంత బలమైన మందు ముఖానికి పూస్తున్నామని అర్థం.

ఇంకొక లెక్క చూడండి. చర్మం అన్ని చోట్లా మందును ఒకేలా పీల్చుకోదు. 1967లో ఫెల్డ్‌మన్, మైబాక్ చేసిన పరిశోధనలో ముంజేయి పీల్చుకునేది 1 అనుకుంటే నుదురు సుమారు 6 రెట్లు, దవడ మూల సుమారు 13 రెట్లు పీల్చుకున్నట్టు తేలింది. చేతికి సరిపడే మందు ముఖానికి ఎందుకు ఎక్కువవుతుందో ఈ లెక్కతో అర్థమవుతుంది.

నెలల తరబడి పూస్తే జరిగేవి ఇవి:

1. చర్మానికి బలమిచ్చే కొల్లాజెన్ తగ్గి చర్మం పలచబడుతుంది. సన్నని ఎర్రటి గీతల్లాగా నాళాలు పైకి కనిపిస్తాయి.

2. ముడుచుకుని ఉన్న నాళాలు, పూత ఆపగానే ఒక్కసారిగా మునుపటికంటే వెడల్పవుతాయి. అదే ఆ మంట, ఆ ఎరుపు.

3. మొటిమలు తగ్గినట్టే తగ్గి, తరువాత గుంపులుగా, ఒకే పరిమాణంలో లేస్తాయి.

4. కొందరికి ముఖం మీద వెంట్రుకలు పెరుగుతాయి. కొందరికి అక్కడక్కడ రంగు పోతుంది.

5. ఎండ తగిలితే, సబ్బు తగిలితే, చివరకు నీళ్ళు తగిలినా మండుతుంది.

స్టెరాయిడ్ పూతల వల్ల ముఖం మీద రోజేషియా వంటి జబ్బు వస్తోందని విదేశాల్లో 1969 నుంచి, 1970ల నుంచి వైద్యపత్రికలు రాస్తూనే ఉన్నాయి. మన దేశంలో 2008లో చర్మవైద్యులు దీనికి ప్రత్యేకంగా ఒక పేరు పెట్టారు. తెలుగులో చెప్పాలంటే "స్టెరాయిడ్ పూతకు అలవాటుపడి దెబ్బతిన్న ముఖం" అని అర్థం.

మన దేశంలో ఎంతమంది?

2011లో ప్రచురితమైన ఒక అధ్యయనంలో దేశంలోని 12 కేంద్రాల చర్మవైద్యులు కలిసి పరిశీలించారు. ముఖచర్మం సమస్యతో వచ్చిన 2,926 మందిలో 433 మంది, అంటే 14.8 శాతం, ముఖానికి స్టెరాయిడ్ పూస్తున్నవారే. వారిలో 29 శాతం దానిని రంగు క్రీము లాగానో, మామూలు ముఖపు క్రీము లాగానో, గడ్డం గీసుకున్నాక పూసుకునే దానిలాగానో వాడారు. 24 శాతం మొటిమలకు వాడారు. దాదాపు 59 శాతం మందికి ఆ క్రీము సలహా ఇచ్చింది వైద్యులు కానివారు. బంధువులు, స్నేహితులు, షాపులవారు, బ్యూటీ పార్లర్లవారు చెప్పే మాటలు ఎంత దూరం వెళ్తాయో చూడండి.

ఆ తరువాత చర్మవైద్యుల సంఘం ఈ దుర్వినియోగం మీద గట్టిగా పనిచేసింది. 2018లో కేంద్ర ఆరోగ్యశాఖ 14 రకాల స్టెరాయిడ్ పూతలను డాక్టరు చీటీ మీదనే అమ్మవలసిన మందుల పట్టిక, అంటే షెడ్యూల్ హెచ్‌లోకి చేర్చింది. చట్టం ఉంది. కానీ చీటీ లేకుండా అడిగేవారు, ఇచ్చేవారు ఉన్నంతకాలం చట్టం ఒక్కటే మన ముఖాన్ని కాపాడలేదు.

మరొక రకం ట్యూబు గురించి కూడా చెప్పాలి. హైడ్రోక్వినోన్, ట్రెటినాయిన్, స్టెరాయిడ్ మూడూ కలిపిన మిశ్రమాన్ని 1975లో క్లిగ్‌మన్, విల్లిస్ అనే వైద్యులు ప్రకటించారు. అది మంగు మచ్చలకు, కొన్ని వారాల పాటు, వైద్యుని పర్యవేక్షణలో వాడడానికి ఉద్దేశించినది. మన దగ్గర అలాంటి మిశ్రమాలే ఏళ్ళ తరబడి రంగు క్రీముల్లాగా వాడకంలోకి వచ్చాయి. అలాగే రింగుపురుగు తామరకు అమ్మే కొన్ని మిశ్రమ క్రీములలో ఫంగస్ మందుతో పాటు బలమైన స్టెరాయిడ్ కూడా ఉంటుంది.

పేరూ చిరునామా లేని డబ్బాలలో వచ్చే రంగు క్రీములతో ఇంకో ప్రమాదం ఉంది. వాటిలో కొన్నింటిలో పాదరసం ఉంటుంది. అది చర్మం గుండా ఒంట్లోకి చేరి మూత్రపిండాలను దెబ్బతీస్తుంది. కేరళలో ఇలాంటి కేసులను వైద్యులు 2023లో బయటపెట్టారు.

ట్యూబు చదవడం నేర్చుకుందాం

విద్యార్థులు ఇంట్లో ఇప్పుడే చేయదగిన పని ఇది. ముఖానికి వాడుతున్న ప్రతి ట్యూబునూ, దాని అట్టపెట్టెనూ తీసుకుని చూడండి.

మొదట, బ్రాండు పేరు కాకుండా దాని కింద చిన్న అక్షరాలలో ఉన్న మందు పేరు వెతకండి. ఆ పేరు చివర "సోన్", "లోన్", "సాల్" అని ఉంటే అనుమానించండి. బీటామెథసోన్, మొమెటసోన్, ఫ్లూటికసోన్, ఫ్లూసినోలోన్, క్లోబెటసాల్, హాలోబెటసాల్ అన్నీ స్టెరాయిడ్లే. ఇది గుర్తుపెట్టుకోవడానికి ఒక ఉపాయం మాత్రమే, పక్కా సూత్రం కాదు. ఉదాహరణకు కుష్ఠుకు ఇచ్చే డాప్సోన్ స్టెరాయిడ్ కాదు.

రెండవది, పెట్టె మీద నిలువుగా ఎర్రటి గీత, రిజిస్టర్డ్ వైద్యుని చీటీ మీదనే అమ్మాలన్న హెచ్చరిక ఉన్నాయేమో చూడండి. ఉంటే అది అలంకరణ వస్తువు కాదు, మందు.

మూడవది, తయారుచేసినవారి పేరు, చిరునామా, లైసెన్సు సంఖ్య, బ్యాచి సంఖ్య, గడువు తేదీ ఉన్నాయేమో చూడండి. ఇవేవీ లేని డబ్బాను ముఖం దగ్గరికి రానివ్వకండి.

అన్ని ఎరుపులూ ఒకటి కావు

ముఖం ఎర్రబడిన ప్రతివారూ స్టెరాయిడ్ పూసినవారే అనుకోకూడదు. డాక్టరు ఆలోచించే ఇతర కారణాలు తెలిస్తే, ఇంట్లోనే మందు నిర్ణయించడం ఎందుకు తప్పో మీకే అర్థమవుతుంది.

రోజేషియా: బుగ్గలు, ముక్కు, గడ్డం, నుదురు మధ్యభాగం తరచు గుప్పున ఎర్రబడి, చివరకు ఎరుపు నిలిచిపోతుంది. మొటిమల వంటి పొక్కులు వస్తాయి గాని మొటిమలలో ఉండే నల్లటి మొనలు ఉండవు. కొందరికి కళ్ళు కూడా మండుతాయి. ఎండ, వేడి, వేడివేడి కాఫీ, కారం, మద్యం, మానసిక ఒత్తిడి దీనిని రెచ్చగొడతాయి. చర్మపు సహజ రక్షణ వ్యవస్థ అతిగా స్పందించడం, చర్మంలో సహజంగా ఉండే డెమోడెక్స్ అనే అతి చిన్న పురుగు ఎక్కువవడం ఇందులో పాలుపంచుకుంటాయని పరిశోధనలు చెబుతున్నాయి. మన రంగు చర్మంలో దీనిని గుర్తించడం ఆలస్యమవుతుంటుంది.

చుండ్రు సంబంధమైన చర్మవాపు: ముక్కు పక్క మడతలు, కనుబొమలు, చెవుల వెనక ఎరుపు, జిడ్డుగా పొలుసులు. తలలో చుండ్రు కూడా ఉంటుంది.

పడని వస్తువుల వల్ల వచ్చే ఎరుపు: స్టిక్కరు బొట్టు జిగురు, జుట్టుకు వేసే రంగు, కొన్ని రకాల కుంకుమ, అత్తరు, క్రీముల వాసనద్రవ్యాలు. బొట్టు పెట్టిన చోటే గుండ్రంగా దురద, ఎరుపు వస్తే కారణం నుదుటి మీదే ఉన్నట్టు.

తామర: ముఖం మీద అంచు లేచిన వలయంగా ఉంటుంది. స్టెరాయిడ్ పూస్తే అంచు మాసిపోయి, లోపల ఫంగస్ పాకుతూ, గుర్తుపట్టలేని రూపంలోకి మారుతుంది.

లూపస్: రెండు బుగ్గలు, ముక్కు వంతెన మీద సీతాకోకచిలుక రెక్కల ఆకారంలో ఎరుపు. ముక్కు పక్క మడతలను సాధారణంగా వదిలేస్తుంది. దీనితో పాటు కీళ్ళనొప్పులు, జ్వరం, నోటిలో పుళ్ళు, జుట్టు రాలడం, అలసట ఉండవచ్చు. వయసులో ఉన్న ఆడపిల్లలలో ఎక్కువగా కనిపించే జబ్బు. మూత్రపిండాలకు కూడా రావచ్చు కనుక రక్తపరీక్ష, మూత్రపరీక్ష అవసరం.

కుష్ఠు: ఎర్రటి లేదా పాలిపోయిన మచ్చ, ఆ చోట స్పర్శ తగ్గడం, చెవి తమ్మెలు దళసరి కావడం. భయపడవలసిన పని లేదు. బహుళ ఔషధ చికిత్సతో పూర్తిగా నయమవుతుంది. ప్రభుత్వ ఆరోగ్య కేంద్రాలలో మందు ఉచితం. దాచిపెట్టడమే ప్రమాదం.

చికిత్స ఎలా ఉంటుంది?

మొదటి మెట్టు నిజం చెప్పడం. ఏ ట్యూబు, ఎన్ని నెలలు, రోజుకు ఎన్నిసార్లు పూశారో దాచకుండా డాక్టరుకు చెప్పాలి. వాడిన ట్యూబులన్నీ సంచిలో వేసి పట్టుకెళ్ళండి. పిల్లలు అమ్మానాన్నలకు తెలియకుండా పూసి ఉండవచ్చు. తల్లిదండ్రులు కోప్పడితే పిల్లలు డాక్టరు ముందు కూడా నోరు విప్పరు.

రెండవ మెట్టు స్టెరాయిడ్ మానడం. ఒక్కసారిగా ఆపాలా, బలహీనమైన దానికి మార్చి క్రమంగా తగ్గించాలా అన్నది వాడిన మందు బలాన్ని, కాలాన్ని బట్టి డాక్టరు నిర్ణయిస్తారు. మానిన కొన్ని రోజులకు ముఖం మునుపటికంటే ఎక్కువగా ఎర్రబడటం, వాపు, మంట రావడం చాలామందిలో జరుగుతుంది. ఇది కొన్ని వారాలు, కొందరిలో కొన్ని నెలలు ఉండవచ్చు. ఈ దశలోనే ఎక్కువమంది ఓడిపోయి మళ్ళీ పాత ట్యూబు తీస్తారు. ఈ ఎరుపు చర్మం తిరిగి దారిన పడే క్రమంలో వచ్చేదని ముందే తెలిసి ఉంటే తట్టుకోవడం సులభం. పరీక్షలు దగ్గరలో ఉంటే ఆ సంగతి కూడా డాక్టరుకు చెప్పి చికిత్స ప్రణాళిక వేసుకోండి.

మూడవ మెట్టు చర్మానికి విశ్రాంతి. వాసనలేని మెత్తని సబ్బు లేదా క్లెన్సర్, వాసనలేని మాయిశ్చరైజర్, చల్లటి నీటి గుడ్డ చాలు. నిమ్మరసం, పసుపు, సున్నిపిండి రుద్దడం, ఫేషియల్, బ్లీచింగ్ అన్నీ ఆపాలి. ఆరోగ్యంగా ఉన్న చర్మానికి నప్పేవి కూడా పలచబడిన చర్మాన్ని మండిస్తాయి.

నాలుగవ మెట్టు ఎండ నుంచి కాపు. చెన్నై కత్తెర ఎండల సంగతి వేరే చెప్పనక్కరలేదు. గొడుగు, పలుచని నూలు చున్నీ, టోపీ, జింక్ ఆక్సైడ్ ఉన్న సన్‌స్క్రీన్ మంచివి. బస్సు కోసం నిలబడేటప్పుడు నీడ చూసుకోవడం కూడా చికిత్సే.

ఐదవ మెట్టు మందులు. స్టెరాయిడ్ కాని టాక్రోలిమస్ వంటి పూతలు, దురదకు మాత్రలు, పొక్కులు ఉంటే డాక్సీసైక్లిన్ వంటి మాత్రలు డాక్టరు ఇవ్వవచ్చు. రోజేషియా అయితే మెట్రోనిడజోల్, అజెలాయిక్ ఆసిడ్, ఐవర్‌మెక్టిన్ పూతలు ఉన్నాయి. ఐవర్‌మెక్టిన్ 1 శాతం పూతకు అమెరికాలో 2014లో అనుమతి వచ్చింది. పైకి తేలిన సన్నని నాళాలు తమంతట తాము పోకపోతే లేజర్ చికిత్స ఉంది. అది చివరి మెట్టు, మొదటిది కాదు.

డాక్సీసైక్లిన్ గురించి జాగ్రత్తలు: నిండు గ్లాసు నీళ్ళతో వేసుకోవాలి, వేసుకున్న వెంటనే పడుకోకూడదు, ఎండ ఎక్కువగా తగలనివ్వకూడదు. గర్భిణులకు, చిన్నపిల్లలకు సాధారణంగా ఇవ్వరు. మిగిలిన మాత్రలను తమ్ముడికో చెల్లెలికో ఇవ్వకండి.

ఈ మందు వెనక ఒక తెలుగువాడు

డాక్సీసైక్లిన్ టెట్రాసైక్లిన్ అనే కుటుంబానికి చెందినది. ఆ కుటుంబంలో మొట్టమొదటి మందు ఆరియోమైసిన్. అది 1948లో లోకానికి తెలిసింది. అమెరికాలోని లెడర్లీ సంస్థలో బెంజమిన్ డుగ్గర్ దానిని కనుగొన్నారు. అక్కడి పరిశోధనకు అప్పుడు సారథ్యం వహించినవారు మన యల్లాప్రగడ సుబ్బారావు గారు.

1895లో భీమవరంలో పుట్టిన సుబ్బారావు గారు బాల్యంలో లేమిని చూశారు. మెట్రిక్యులేషన్ మూడవ ప్రయత్నంలో, ఈ మద్రాసు నగరంలోని హిందూ హైస్కూలు నుంచి ప్యాసయ్యారు. మద్రాసు మెడికల్ కాలేజీలో చదువుతూ ఖద్దరు వేసుకున్నందుకు ఆచార్యుని ఆగ్రహానికి గురై, ఎం.బి.బి.ఎస్. బదులు ఎల్.ఎం.ఎస్. పట్టాతో సరిపెట్టుకోవలసి వచ్చింది. 1923లో ఆయన అమెరికా వెళ్ళడానికి మామగారు డబ్బు సమకూర్చారు. కాకినాడలోని మల్లాడి సత్యలింగ నాయకర్ ధర్మసంస్థ సాయం చేస్తామని మాట ఇచ్చింది. రెండుసార్లు తప్పిన ఒక విద్యార్థిని నమ్మిన మనుషులు, ఒక ధర్మసంస్థ ఉండబట్టే లోకానికి ఎన్నో మందులు దక్కాయి. ఉపకార వేతనం అందుకునే ప్రతి విద్యార్థీ ఈ సంగతి తెలుసుకోవాలి.

ఎక్కడికి వెళ్ళాలి?

సుబ్బారావు గారు చదివిన మద్రాసు మెడికల్ కాలేజీకి అనుబంధమైన ఆస్పత్రి సెంట్రల్ స్టేషను ఎదురుగా ఉన్న నేటి రాజీవ్ గాంధీ ప్రభుత్వ సార్వత్రిక ఆస్పత్రి. అక్కడ, ఉత్తర చెన్నైలోని స్టాన్లీలో, కీల్పాక్కంలో చర్మవ్యాధుల విభాగాలు ఉన్నాయి. ఖర్చుకు భయపడి షాపులో ట్యూబు కొనేవారు ఒక్క విషయం ఆలోచించండి. ప్రభుత్వ ఆస్పత్రిలో నిపుణుల సలహా డబ్బు ఖర్చు లేకుండా దొరుకుతుంది. పోయేది ఒక ఉదయం మాత్రమే.

ముఖం ఎరుపుతో పాటు కీళ్ళనొప్పులు, జ్వరం, కళ్ళమంట, ముఖం లేదా కాళ్ళవాపు, స్పర్శ తగ్గడం వీటిలో ఏది ఉన్నా ఆలస్యం చేయకండి.

తల్లిదండ్రులకు ఒక మాట

పిల్లలు ట్యూబు దాకా ఎందుకు వెళ్తున్నారో కూడా మనం ఆలోచించాలి. పెళ్ళిళ్ళలో, పేరంటాలలో "పిల్ల బాగానే ఉంది, కాస్త రంగు తక్కువ" అని మనమే పిల్లల ముందు అంటాం. ఆ మాట అన్నవారు మరచిపోతారు, విన్న పిల్ల మరచిపోదు. ఇంట్లో ఆ మాట ఆపగలిగితే సగం ట్యూబులు కొనవలసిన అవసరమే రాదు.

ముఖం ఇప్పటికే దెబ్బతిని ఉన్న పిల్లలకు: ఇది మీ తప్పు అని కుమిలిపోకండి. సరిగా మానిపిస్తే, ఓపిక పడితే, చాలామంది చర్మం చాలావరకు కోలుకుంటుంది. కోలుకునే ఆ నెలల్లో కూడా కాలేజీకి వెళ్ళండి, ఇంటర్వ్యూకు హాజరవండి. మిమ్మల్ని ఎంపిక చేసేవారు చూసేది మీ చదువును, మీ అవసరాన్ని, మీ పట్టుదలను.

మీరే సరిచూసుకోండి

1. స్టెరాయిడ్ పూసిన ముఖం తెల్లగా కనిపించడానికి అసలు కారణం ఏమిటి?

2. క్రీము ఆపగానే ముఖం ఎందుకు ఎర్రబడుతుంది?

3. ముంజేతికి పూసే మందు దవడకు పూస్తే ఎన్ని రెట్లు ఎక్కువగా లోపలికి వెళ్ళవచ్చు?

4. మీ ఇంట్లో ఉన్న ట్యూబులలో పేరు చివర "సోన్", "లోన్", "సాల్" ఉన్నవి ఎన్ని? వాటిని ఎవరు, ఎవరి సలహాతో, ఎన్నాళ్ళుగా వాడుతున్నారు?

మొదటి మూడింటికి జవాబులు ఈ పాఠంలోనే ఉన్నాయి. నాలుగవ దానికి జవాబు మీ ఇంటి అలమరలో ఉంది. ఈ రాత్రే వెతకండి. దొరికితే దానిని ఒక్కసారిగా పారేయకండి, కొనసాగించకండి కూడా. రేపు ఉదయమే దానిని తీసుకుని చర్మవైద్యుని దగ్గరికి వెళ్ళండి.